గర్భసంచిలో అతుకులు విడదీశాక బెలూన్ ఒక్కటే సరిపోతుందా, లోపల మళ్ళీ చూడాలా?

లోపలిపొర:
డి అండ్ సి (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) తర్వాత గర్భసంచిలో అతుకులు పడ్డాయి, హిస్టెరోస్కోపీలో (కెమెరా ఉన్న సన్నటి గొట్టం, అంటే స్కోపు, లోపలికి పెట్టి చూస్తూ) విడదీశారు. గోడలు మళ్ళీ అంటుకోకుండా ఏం చేయాలి? నా ఓటు బెలూన్‌కే. గర్భసంచి ముందు గోడా వెనక గోడా ఎప్పుడూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. లోపలి పొర లేచిపోయిన రెండు పచ్చి పుళ్ళు అలా ఆనుకుంటే కలిసిపోక ఏం చేస్తాయి? చిన్న ఫోలీ కాథెటర్ (మొనకు బెలూన్ ఉండే మెత్తటి గొట్టం), 8 లేదా 10 ఫ్రెంచ్ సైజు, బెలూన్‌లో 3 మి.లీ. సెలైన్, వారం పది రోజులు. దానితో పాటు పొర పెరగడానికి ఎస్ట్రాడయోల్ వాలరేట్ (ఎస్ట్రోజన్ హార్మోన్ మాత్ర) రోజుకు 4 మి.గ్రా., సుమారు నాలుగు వారాలు. కాళ్ళ నరాల్లో గతంలో రక్తం గడ్డకట్టినవాళ్ళకు మాత్రం ఈ మాత్ర ఇవ్వకూడదు.

చల్లకత్తెర:
బెలూన్ వద్దనను అండీ, దాన్నే నమ్ముకుని ఊరుకోవద్దంటాను. బెలూన్ గుండ్రం, గర్భసంచి లోపలి ఖాళీ తలకిందులైన త్రిభుజం. ట్యూబులు తెరుచుకునే రెండు పై మూలలకు బెలూన్ అందదు. అందాలని ఎక్కువ నింపితే గోడ ఒత్తుకుపోయి, పొర పెరగడానికి కావలసిన రక్తమే తగ్గుతుంది. ఒకటి రెండు వారాల్లో సన్నటి స్కోపుతో మళ్ళీ చూడండి. అప్పటికి పడ్డవి సాలెగూడులా పల్చగా ఉంటాయి, స్కోపు మొనతో నెట్టినా విడిపోతాయి. నెలలు గడిస్తే గట్టి పీచవుతాయి, మళ్ళీ కత్తెర పట్టాల్సిందే.

ఇంకో మాట. మొదటిసారి ఎలా కోశారన్నది కూడా తేడా తెస్తుంది. కరెంటు పరికరం చుట్టూ మిగిలిన కాస్త మంచి పొరనూ కాల్చే ప్రమాదం ఉంది. మామూలు కత్తెరతో మధ్యలోని పల్చటివి ముందు, పక్కల గట్టివి తర్వాత కోయాలి. ట్యూబు ద్వారాల్లాంటి గుర్తులేవీ లోపల కనబడనప్పుడు పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి దారి చూసుకోవాలి. లేకపోతే గోడకు రంధ్రం పడొచ్చు.

మూలకారణం:
మీరిద్దరూ ఏ దశ అతుకులో చెప్పకుండానే వాదిస్తున్నారు. అమెరికన్ ఫర్టిలిటీ సొసైటీ 1988 స్కోరు మూడింటికి మార్కులు వేస్తుంది: ఖాళీలో ఎంత భాగం మూసుకుంది, అతుకు పల్చనా గట్టిదా, నెలసరి ఎలా ఉంది. మొత్తం 1–4 తేలిక, 5–8 మధ్యస్థం, 9–12 తీవ్రం. తేలికవాటికి బెలూనూ రెండో స్కోపూ రెండూ తప్పనిసరి కాకపోవచ్చు. హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే (గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి తీసే చిత్రం) చూసి తీర్పు చెప్పొద్దు, గాలి బుడగ, జిగురు కూడా అందులో అతుకులాగే కనబడతాయి. స్కోపుతో చూసిందే రుజువు.

నెలసరి ఆగి, నెలనెలా కడుపునొప్పి మాత్రం వస్తోందంటే అతుకు గర్భసంచి ముఖద్వారం దగ్గరే ఉండొచ్చు. పైన పొర బాగుంటే, ద్వారం తెరిస్తే చాలు. టీబీ వల్ల పడ్డవైతే పరీక్ష, పూర్తి టీబీ మందుల కోర్సు ముందు. చాలాసార్లు అక్కడ పొర అడుగు భాగమే పోయి ఉంటుంది, ఎస్ట్రోజన్ ఎంత ఇచ్చినా దేన్ని పెంచాలి?

లోపలిపొర:
మూలల సంగతి ఒప్పుకుంటున్నాను. స్కోరు 9 లేదా ఆపైన ఉంటే బెలూన్ తీసిన వెంటనే రెండో స్కోపుకు నేనూ సరే. గోడలు అంటుకోకుండా బెలూన్ బదులు కొందరు పెట్టే కాపర్ టీకి మాత్రం ఒప్పుకోను. సన్నటి కడ్డీ, గోడల్ని వేరుచేయలేదు, రాగి వాపును పెంచుతుంది.

మూలకారణం:
ఆ మాటకు నా మద్దతు. డిశ్చార్జి కాగితంలో స్కోరు, ఏ మూల తెరుచుకుంది, ఏది తెరుచుకోలేదు స్పష్టంగా రాసివ్వండి. తర్వాత గర్భం వస్తే మాయ గోడలోకి చొచ్చుకుపోయిందేమో స్కానింగులో వెతకాలి, కాన్పుకు ముందే రక్తం సిద్ధం చేసుకోవాలి. ఆ కాగితం లేకపోతే చూసే డాక్టరుకు అసలు అనుమానమే రాదు.