‘జోలీన్’లో బతిమాలడం తీసేస్తే మిగిలేది అదే పాటా?

పాతరికార్డు:
అమెరికా పల్లె సంగీతమైన ‘కంట్రీ’ శైలి గాయని డాలీ పార్టన్ 1973లో విడుదల చేసిన ‘జోలీన్’ పాట వినని వారి కోసం ముందు రెండు మాటలు. భర్త మనసు మరో స్త్రీ వైపు మళ్లుతోందని గ్రహించిన భార్య, ఆ స్త్రీనే పేరు పెట్టి పిలుస్తుంది. నా మనిషిని తీసుకుపోవద్దని వేడుకుంటుంది. ఎర్రని జుట్టు, దంతపు రంగు మేను, పచ్చల్లాంటి కళ్లు అంటూ ఆమె అందాన్ని పొగుడుతుంది. భర్త నిద్రలో నీ గురించే పలవరిస్తున్నాడని ఆమెతోనే చెప్పుకుంటుంది. జోలీన్ ఏం చేసిందో పాటలో ఎక్కడా తెలియదు.

2024లో అమెరికా పాప్ గాయని బియోన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్‌లో ఈ పాట పాడుతూ వేడుకోలును హెచ్చరికగా మార్చారు. వరస పాతదే, పేరు పాతదే. పాడుతున్న మనిషి మాత్రం పూర్తిగా వేరు. వాయిద్యాలు మార్చండి, వేగం మార్చండి, మగవారు పాడండి, ‘జోలీన్’ చెక్కుచెదరదు. బతిమాలడం తీసేస్తే మాత్రం అది మరో పాట అవుతుందని నా నమ్మకం. కాబోయే సవతి ముందు నిలబడి ఆమె అందాన్ని తన నోటితో తానే వర్ణించడం కంటే కష్టమైన పని ఏముంటుంది? ఆ కష్టం కోసమే నేను ఈ పాట వింటాను.

ఆరుతీగలు:
మీతో ఏకీభవిస్తున్నాను, గిటారు వాయించే వాడిగా కారణం చెబుతాను. పాట మొదట్లో వేళ్లతో మీటే ఆ చిన్న వరస, విషాదం పలికే మైనర్ స్వరాల్లో గుండ్రంగా తిరుగుతుంది, ఎక్కడా స్థిమితపడదు. పేరును నాలుగుసార్లు పిలిచేటప్పుడు స్వరం మెట్టు మెట్టుగా పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది. అడగడం, నోరు నొక్కుకోవడం రెండూ ఆ వరసలోనే ఉన్నాయి. అందుకే ఏ శైలిలో పాడినా నిలుస్తుంది.

వైట్ స్ట్రైప్స్ బృందం దీన్ని రాక్‌లోకి తెచ్చింది. ఆ బృందం గాయకుడు జాక్ వైట్ ఒక్క మాట కూడా మార్చకుండా స్త్రీ పాత్రలోనే పాడతాడు. గొంతు చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా అరుస్తాడు, అయినా అది బతిమాలడమే. 2016లో పెంటటోనిక్స్ అనే బృందం వాయిద్యాలేవీ లేకుండా కేవలం గొంతులతో, డాలీని కూడా కలుపుకొని పాడితే కంట్రీ విభాగంలోనే గ్రామీ వచ్చింది.

నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33 చుట్ల వేగంతో తిప్పి వినండి. శ్రుతి దాదాపు అయిదు స్వరస్థానాలు కిందికి దిగి, డాలీ గొంతు మగగొంతులా మారుతుంది. రెండు నిమిషాల నలభై సెకన్ల పాట మూడున్నర నిమిషాలు దాటుతుంది. అప్పుడు కూడా ఆ వేదన అలాగే ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం:
మీ ఇద్దరూ కంట్రీ సంగీతమంటే కన్నీరే అన్నట్టు మాట్లాడుతున్నారు. నా భర్త జోలికి వస్తే ఊరుకోనని హెచ్చరించడం ఆ సంగీతంలో బియోన్సే కంటే ముందే ఉంది. కంట్రీ గాయని లొరెట్టా లిన్ 1966లో, మళ్లీ 1968లో సరిగ్గా ఇదే విషయంతో పాటలు రాసి పాడారు. 1968 నాటి ‘ఫిస్ట్ సిటీ’లో ఏకంగా పిడికిలి చూపించారు. అది కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. బియోన్సే డాలీ వరసలో లొరెట్టా మాట పలికించారు. అంటే ఆ ఇంటి సొత్తునే ఆ ఇంట్లో మరో గదిలోకి మార్చారు.

ఇంకో మాట, పాతరికార్డు గారూ. దంతపు రంగు మేనును పొగిడే వాక్యం హ్యూస్టన్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ నోట ఎలా వినిపిస్తుందో ఆలోచించారా? తెల్లని మేనే అందమన్న ఆ కొలమానం ముందు ఆమె మోకరిల్లాలా? ఆ వర్ణన తీసేయడం నాకు చాలా సబబుగా తోచింది.

పాతరికార్డు:
మేను రంగు సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యం ఆమె పాడితే నేనూ ఇబ్బంది పడేవాడినే.

అయితే మీరు చెప్పిన సంప్రదాయంలోనే జవాబు పాటలు ఉన్నాయి. 1952లో హ్యాంక్ థాంప్సన్ పాట ఒకటి స్త్రీని నిందిస్తే, కిట్టీ వెల్స్ దాదాపు అదే వరసలో ఎదురు సమాధానం పాడారు, మగవాళ్ల తప్పు లేదా అని. కానీ ఆ పాటకు వేరే పేరు పెట్టారు. బియోన్సే చేసింది కూడా జవాబు పాటే అయితే దాన్ని అలాగే పిలుద్దాం. నా పేచీ అంతా పేరు దగ్గరే.

హక్కులరీత్యా:
అమెరికా చట్టం పాతరికార్డు గారి వైపు కొంత మొగ్గుతుంది. ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా నిర్ణీత రుసుము చెల్లించి రికార్డు చేసుకోవచ్చు, రచయిత అనుమతి అక్కర్లేదు. తమ శైలికి తగ్గట్టు వాయిద్యాలూ నడకా మార్చుకోవచ్చు. ప్రధానమైన వరసను, పాట మౌలిక స్వభావాన్ని మార్చకూడదు. ఈ స్థాయిలో సాహిత్యం మార్చాలంటే రచయితను అడగవలసిందే.

డాలీ తన హక్కుల విషయంలో చాలా పట్టుదల గల మనిషి. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఎల్విస్ పాడాలంటే ప్రచురణ హక్కుల్లో సగం ఇవ్వాలని ఆయన మేనేజరు అడిగితే, బాధపడుతూనే కాదన్నారు. అలాంటి ఆమె బియోన్సే ఆల్బమ్‌లో ఈ పాటకు ముందు స్వయంగా తన గొంతుతో నాలుగు మాటలు చెప్పారు. విన్నాక, ఆ జోలీన్‌కు తగిన శాస్తి జరుగుతోందని బహిరంగంగా మెచ్చుకున్నారు. కన్నతల్లి పేరు పెట్టనిచ్చాక మనం కాదనడం ఎలా?

మిట్టమధ్యాహ్నం:
అసలు డాలీ ఈ పాట పుట్టుక గురించి చెప్పినది కూడా గుర్తు తెచ్చుకోండి. బ్యాంకులో పనిచేసే ఎర్రజుట్టు అమ్మాయి ఒకామె తన భర్త మీద మనసు పడిందట. జోలీన్ అన్న పేరు మాత్రం ఆటోగ్రాఫు కోసం వచ్చిన ఒక చిన్నారిది. జీవితంలో డాలీ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ఆ దీనురాలిని ఆమె కల్పించారు. ఒక కవయిత్రి పాత్రను దీనంగా కల్పించగలిగితే, మరొకరు అదే పాత్రను ధీరగా ఎందుకు కల్పించకూడదు?

గజ్జెలసవ్వడి:
నేను కూచిపూడి నేర్చుకున్నాను, కాబట్టి నా ఆలోచన అటే పోతుంది. భామాకలాపంలో సత్యభామ జడ చూపించి గర్వంగా నిలబడుతుంది, ఆ సత్యభామే తర్వాత కృష్ణుణ్ని వేడుకుంటూ చెలికత్తె మాధవి చేతికి లేఖ ఇచ్చి పంపుతుంది. రెండూ ఒకే నాయిక. అయితే గర్వం ముందు చూశాం కనుకే ఆ లేఖ మనల్ని కదిలిస్తుంది. బియోన్సే పాటలో నాకు ఆ రెండో సత్యభామ కనిపించలేదు. బెదిరింపు వెనుక భయం ఒక్క క్షణమైనా తొంగిచూస్తే బాగుండేది.

ఆరుతీగలు:
నేను మొదట రాసినదాన్ని కొంత సరిదిద్దుకోవాలి. 2021లో బీబీసీ రేడియో కార్యక్రమంలో లిల్ నాస్ ఎక్స్ ఈ పాట పాడారు. ‘నా మనిషి’ అన్న మాటతో సహా అన్నీ డాలీ రాసినట్టే ఉంచారు. స్వలింగ ప్రేమికుడినని అప్పటికే ప్రకటించుకున్న గాయకుడు, తక్కువ స్థాయి గొంతుతో, తొందర లేకుండా ఆ మాటలు పలికితే పాట అర్థం మొత్తం కొత్తగా వినిపించింది. జాక్ వైట్ ఒక పాత్రను పాడాడు, ఇతను తన మాటగా పాడాడు. అక్షరం మారకుండానే ఇంత మారితే, మాటలు మార్చడాన్ని హద్దుగా గీయడం నాకిప్పుడు కష్టంగా ఉంది.

పాతరికార్డు:
ఇప్పుడే విన్నాను, రెండుసార్లు. అతను బతిమాలుతూనే ఉన్నాడు, ఆరుతీగలు గారూ. అందుకే నాకది ‘జోలీన్’ లాగే వినిపించింది.