8 అంగుళాల టెలిస్కోప్‌తో నెప్ట్యూన్ అవతలి మంచు గోళాలు దొరుకుతయా?

పాలమూరు_చుక్కలు:
అచ్చంపేట దిక్కు మాది, రాత్రి చీకటి బాగుంటది. 8 అంగుళాల న్యూటోనియన్ (ఫోకల్ లెంత్ 1000 మి.మీ.), 3.76 మైక్రాన్ల పిక్సెల్ మోనో (బ్లాక్ అండ్ వైట్) కెమెరా, గైడింగ్ (ఒక చుక్కను చూస్తూ టెలిస్కోప్‌ను దాని వెంట నడిపేది) ఉన్నయి. కైపర్ బెల్ట్‌ల (నెప్ట్యూన్ అవతల ఈ మంచు గోళాలు తిరిగే పట్టీ) కొత్తవి వెతకాలని ఉంది. ఫ్రేమ్ ఎంతసేపు, మధ్యల గ్యాప్ ఎంత పెట్టాలె?

దేవరకొండ_దుర్భిణి:
కొత్తవి మరిచిపోండి అన్నా. 1992ల జూవిట్, లూ పట్టిన మొదటిదే 23 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే మసక) దగ్గర. హవాయిల మౌనా కియా కొండ మీది 2.2 మీటర్ల టెలిస్కోప్‌తోటి దొరికింది. వెలుగు అంత దూరం పోయి మళ్లీ రావాలె గదా, దూరం రెండింతలైతే 16వ వంతే మిగులుతది.

తెలిసినదాన్ని పట్టండి. మాకేమాకే అనే మరుగుజ్జు గ్రహం మాగ్నిట్యూడ్ సుమారు 17, మార్చి చివర, ఏప్రిల్‌ల అర్ధరాత్రికి దాదాపు నడినెత్తిన ఉంటది. మీ సెటప్‌ల పిక్సెల్‌కు 0.78 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీల 3600వ వంతు). అది గంటకు 2.5 ఆర్క్‌సెకన్లే కదులుతది, అంటే 3 పిక్సెళ్లు. 60 సెకన్ల ఫ్రేమ్‌లు 60 తీసి స్టాక్ చేయండి (ఒకదాని మీద ఒకటి కలపండి), మర్నాడు అదే టైముకు మళ్లీ. రెండింటినీ బ్లింక్ చేస్తే (మార్చి మార్చి చూస్తే) ఒక ఆర్క్‌మినిట్ (60 ఆర్క్‌సెకన్లు) జరిగి కనపడతది. ఇంకో మరుగుజ్జు గ్రహం ఎరిస్ (మాగ్నిట్యూడ్ 18.7) తర్వాత చూసుకోవచ్చు.

కక్ష్య_లెక్కలు:
పెద్ద సర్వేలు ఎట్ల చేస్తయో కూడా తెలిస్తే మంచిది. 2013–17ల ఓఎస్‌ఎస్‌ఓఎస్ అనే సర్వే 3.6 మీటర్ల టెలిస్కోప్‌తో ఇసుంటివి 800కు పైగా పట్టింది. ఒకే చోటును రెండు గంటలల్ల మూడుసార్లు తీస్తరు. రెండే అయితే, నాయిస్‌తోటి (కెమెరా తప్పుడు మచ్చలు) వచ్చిన ఏ రెండు చుక్కలైనా ఒక గీత లెక్క కనపడతయి. మూడోది అదే గీత మీద, అదే వేగంతో రావాలె.

సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే తీస్తరు. అక్కడ కనపడే కదలిక ఎక్కువగా మన భూమిదే, కాబట్టి వేగం చూస్తేనే దూరం తెలుస్తది: 40 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికి సూర్యుడికి మధ్య దూరం) దగ్గర గంటకు 3 ఆర్క్‌సెకన్లు, మామూలు ఆస్టరాయిడ్‌కు 30కి పైన. ఆ ఎదురు దిక్కుకు వచ్చే సమయానికి రెండు నెలలు అటూ ఇటూ అయితే ఆస్టరాయిడే నిలబడ్డట్టు నెమ్మదిస్తది, కైపర్ వస్తువే అనుకుంటం. ఇంకోటి: ఫొటోలల్ల దొంగ చుక్కలు కలిపి, సాఫ్ట్‌వేర్ ఎన్నింటిని పట్టిందో లెక్కేస్తరు. అది చేయకుంటే "ఇన్ని ఉన్నయి" అనే మాటకు విలువ లేదు.

పాలమూరు_చుక్కలు:
గైడింగ్ ఉంది గదా, డిథరింగ్ (ఫ్రేమ్ ఫ్రేమ్‌కు టెలిస్కోప్‌ను కొంచెం కొంచెం జరపడం) కూడా కావాల్నా?

దేవరకొండ_దుర్భిణి:
కావాలె. గైడింగ్ ఉన్నా ఫ్రేమ్ మెల్లగ జరుగుతది. చుక్కలను అలైన్ చేసినంక హాట్ పిక్సెళ్లు (కెమెరాల ఎప్పుడూ వెలిగే చెడ్డ పిక్సెళ్లు) వరుసగ నడుస్తయి, అచ్చం కదిలే వస్తువు లెక్క. డిథర్ పెట్టండి, డార్క్‌లు (మూత పెట్టి తీసిన ఫ్రేమ్‌లు) ఫొటోలల్లకెళ్లి తీసేయండి. ముందుగాల జేపీఎల్ హొరైజన్స్‌ల (నాసా వాళ్ల ఆన్‌లైన్ లెక్కల సైటు) ఆ రాత్రి మాకేమాకే స్థానం తీసుకోండి. పున్నమికి అటిటు వారం వదిలేయండి.