హాబ్సన్ గారి ముగ్గురు కూతుళ్లు: అది మన కట్నమేనా? ఉగాదికి ఆడొచ్చా?

సాల్ఫర్డ్_కోడలు అడిగారు:

మాది ఒంగోలు. మూడేళ్లుగా మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో ఉంటున్నాం. డిసెంబరులో అమ్మ వచ్చింది. ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది, పాపం ఆవిడకి టీవీయే దిక్కు. ఒక మధ్యాహ్నం ఏదో పాత నలుపు తెలుపు సినిమా వస్తుంటే పెట్టేసి, నేను వంటింట్లో చపాతీ పిండి కలుపుకుంటున్నాను. పది నిమిషాలకి అమ్మ పిలిచింది, "ఒసేయ్, ఇది మీ ఊరేనటే" అని. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ సాల్ఫర్డ్ అన్న మాట చెవిన పడింది.

అది 1954లో వచ్చిన "హాబ్సన్స్ ఛాయిస్". "లారెన్స్ ఆఫ్ అరేబియా" తీసిన డేవిడ్ లీనే తీశాడు. ఇందులో ఏనుగులూ ఎడారులూ లేవు, ఒక బూట్ల కొట్టు, నాలుగు వీధులు, ఒక సారా దుకాణం, అంతే. కథాకాలం 1880. భార్య పోయిన హాబ్సన్ (చార్లెస్ లాటన్) పగలంతా తాగుడు. ముగ్గురు కూతుళ్లు జీతం లేకుండా కొట్టు నడుపుతుంటారు. చిన్నవాళ్లిద్దరికీ పెళ్లి చేద్దామనుకుంటాడు గానీ, పెళ్లంటే "సెటిల్‌మెంట్" ఇవ్వాలని స్నేహితుడు గుర్తు చెయ్యగానే ఆ మాటే ఎత్తడు. పెద్దది మ్యాగీ. ముప్ఫై ఏళ్లు వచ్చాయి, నీకింక పెళ్లేమిటని తండ్రి నవ్వుతాడు. ఆవిడ నేలమాళిగలో బూట్లు కుట్టే విల్ మోసప్‌ని పైకి పిలిచి, నిన్ను చేసుకుంటానని మొహం మీదే చెప్పేస్తుంది. అతనికి అప్పటికే ఏడా అనే పిల్లతో మాట అయిపోయి ఉంటుంది. మ్యాగీ అదీ తెంపేస్తుంది.

అమ్మ అడిగినవి, నేను జవాబు చెప్పలేనివి:

ఆ సెటిల్‌మెంట్ మన కట్నమేనా? అలాగైతే తెల్లవాళ్లకీ ఉండేదా?

ఆ అబ్బాయి ఎలుకలా నేలలోంచి తల బయట పెడతాడేంటి?

ఇక నా ప్రశ్న. మా తెలుగు సంఘం ఉగాదికి నలభై నిమిషాల నాటిక వెయ్యమంటోంది. స్కూలు హాలు, చెక్క వేదిక, ఒకే తెర. ఇది నాటకం నుంచే సినిమా అయిందని విన్నాను. తెలుగు చేసి ఆడితే నిలబడుతుందా?

---

పరిషత్తు_తాతయ్య:

అమ్మాయ్, మీ అమ్మగారికి నా నమస్కారం. మంచి ప్రశ్నలు వేశారావిడ.

నేను తెనాలిలో ముప్ఫై ఏళ్లు నాటికలు వేశాను, ఎక్కువగా తండ్రి వేషాలే. ఈ నాటకం రాసిన హెరాల్డ్ బ్రిగ్‌హౌస్ మీ ఊళ్లోనే, అంటే సాల్ఫర్డ్ పక్క ఎకిల్స్‌లోనే పుట్టాడు. మాంచెస్టర్‌లో యానీ హార్నిమన్ అనే ఆవిడ గెయిటీ థియేటర్‌ని కొని నడిపింది. లండన్ పెద్దమనుషుల కథలు కాకుండా అక్కడి మిల్లులూ కొట్లూ మనుషులూ, వాళ్ల యాసా వేదిక మీదకి వచ్చింది అక్కడే. బ్రిగ్‌హౌస్ ఆ గుంపులోవాడు. ఈ నాటకం మాత్రం యుద్ధం రోజుల్లో ముందు న్యూయార్క్‌లో, 1915లో ఆడింది. లండన్‌కి 1916లో వచ్చింది. లీన్ కంటే ముందే రెండుసార్లు సినిమా కూడా అయింది.

ఇక నేలలోంచి వచ్చే కుర్రాడు. ఆ మూత తలుపు నాటకానికి గుండెకాయ. పైన కొట్టు, కింద పని. పైనవాళ్లు పిలిస్తేనే కిందివాడు వస్తాడు, మాట అయిపోగానే దిగిపోతాడు. హెప్‌వర్త్ అనే ధనవంతురాలు వచ్చి, నా కాలి బూట్లు కుట్టిందెవరు అని గద్దిస్తుంది చూశారా? తిట్టడానికి పిలిచిందనుకుని విల్ సగం పైకొచ్చి ఆగిపోతాడు. ఆవిడేమో ఇంత మంచి బూట్లు నేనెప్పుడూ తొడగలేదంటుంది. వాడికి మెచ్చుకోలు అలవాటు లేదు, వినగానే మళ్లీ కిందికి పోబోతాడు. ఒక్క డైలాగు అక్కర్లేదు, ఆ మెట్ల మీద వాడి నడుము ఎంతవరకు కనపడుతుందో అదే నటన. చివర చూడండి, అదే మనిషి ఎటునుంచి వస్తాడో.

మీ స్కూలు హాల్లో నేలకి కన్నం పెట్టనివ్వరు కాబట్టి కౌంటర్ బల్ల వాడండి. ముందువైపు అట్ట కొట్టేసి, విల్ వేషగాణ్ణి వెనకాల పీట మీద కూర్చోబెట్టండి. పిలిచినప్పుడు మెల్లగా లేస్తాడు. మోకాళ్లు పట్టేస్తాయి, కుర్రవాణ్ణే తీసుకోండి.

సినిమాలో ఉన్నవన్నీ తేవాలని చూడొద్దు. హాబ్సన్ తప్పతాగి నీటిగుంటల్లో చంద్రుణ్ణి వెతుక్కుంటూ నడిచే ముక్క ఉందే, అది నాటకంలో లేదు, కెమెరా సొత్తు. లాటన్ ఒళ్లు అంత పెద్దదైనా బెలూన్‌లా తేలిపోతాడక్కడ. అది చూశాక నేను వేసిన తాగుబోతు వేషాలన్నీ తల్చుకుని సిగ్గుపడ్డాను. మేమంతా కాళ్లు తడబడ్డమే తాగుడనుకున్నాం.

---

గుంటూరు_ప్లీడరు:

కట్నం విషయం నేను చెప్తాను. ఒకటి కాదండీ, కానీ చుట్టాలే.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆడపిల్లకి పెళ్లయితే ఆమె డబ్బు, సామాను చట్టప్రకారం భర్తవైపోయేవి. అందుకని కలిగినవాళ్లు పెళ్లికి ముందే కాగితాలు రాసి, ఇంత సొమ్ము అమ్మాయికీ పుట్టబోయే పిల్లలకీ అని ధర్మకర్తల చేతిలో పెట్టేవారు. అల్లుడు తినెయ్యకుండా కట్టిన గోడ అన్నమాట. మన కట్నం అల్లుడి చేతికే పోతుంది, అసలు తేడా అది. పెళ్లైన ఆడవాళ్లు సొంత ఆస్తి పూర్తిగా తమ పేరనే పెట్టుకునే చట్టం అక్కడ 1882లో వచ్చింది. కథ 1880లో జరుగుతుంది, అంటే రెండేళ్లు ముందు. అది గుర్తుపెట్టుకుని చూస్తే మ్యాగీ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. అయితే నాటకంలో సెటిల్‌మెంట్ అంటే ఈ కాగితాల గొడవేమీ రాదు, పెళ్లి చెయ్యాలంటే తండ్రి వదిలించుకోవాల్సిన సొమ్ము అన్న అర్థంలోనే నడుస్తుంది. అందుకే మీ అమ్మగారికి కట్నంలా వినపడింది, అందులో తప్పులేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మ్యాగీ ఆ సొమ్ము రాబట్టిన తీరు. హాబ్సన్ తాగి పక్కనున్న ధాన్యం గోదాములో పడి బస్తాల మీద నిద్రపోతాడు. ఆ గోదాము చిన్న కూతురు ప్రేమించినవాడి తండ్రిది. రెండో కూతురు ప్రేమించినవాడు లాయరు. ఇంకేం, అక్రమ ప్రవేశం, బస్తాలకి నష్టం, వ్యాపార రహస్యాలు దొంగచాటుగా చూడటం అని నోటీసు తయారు! పరువు పోతుందని ముసలాయన ఐదు వందల పౌండ్లకి ఒప్పుకుంటాడు. అవే చెల్లెళ్ల పెళ్లి సొమ్ము. వృత్తిధర్మం సంగతి నన్ను అడక్కండి.

ఇంకో మాట, ఇది ముఖ్యం. బ్రిగ్‌హౌస్ 1958లో చనిపోయాడు. ఇండియాలో రచయిత పోయిన అరవై ఏళ్లకి హక్కులు తీరిపోతాయి, కాబట్టి ఒంగోల్లో ఆడితే అడిగేవాడు లేడు. ఇంగ్లండ్‌లో డెబ్భై ఏళ్లు, అంటే 2028 చివరిదాకా. నాటకం నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది కదా అని మీరక్కడ వెయ్యొద్దు. అనువాదానికీ ప్రదర్శనకీ రెండిటికీ అనుమతి తీసుకోవాలి. టికెట్ పెట్టకపోయినా అంతే.

---

చిలకలూరిపేట_చిన్నోడు:

బూట్ల కొట్టు వద్దండీ. తెలుగులో చెప్పులు కుట్టేవాడు అనగానే కులం వచ్చేస్తుంది, ఉగాది పూట గొడవెందుకు? టైలరు షాపు చేసెయ్యండి, సింపుల్.

---

పరిషత్తు_తాతయ్య:

నాయనా, గొడవ ఉంది కాబట్టే అది నాటకం. అక్కడా అదే గొడవ. విల్ తండ్రి అనాథల సత్రంలో పెరిగినవాడని హాబ్సన్ ఎత్తిపొడుస్తాడు. చెల్లెళ్లకి అక్క చేసుకునేవాణ్ణి బావా అని పిలవడానికి నోరు రాదు. యజమాని కూతురు పనివాణ్ణి చేసుకోవడం అనే ముల్లు తీసేస్తే మిగిలేది తాగుబోతు జోకులు. టైలరు షాపులో మీ హెప్‌వర్త్ ఏం చేస్తుంది, జాకెట్ విప్పి చూపిస్తుందా? కాలు ముందుకి చాపి, దీన్ని చేసిన చేతులేవి అని అడగడంలోనే ఉంది అంతా.

---

సాల్ఫర్డ్_కోడలు:

అందరికీ థాంక్స్. ప్లీడరు గారూ, హక్కుల సంగతి మా సంఘంలో ఎవరికీ తెలీదు. సెక్రటరీ గారికి మీ మాటలు చదివి వినిపిస్తే ఆయన మొహం చూడాలి. అనుమతి కోసం మెయిల్ పెట్టాం. బూట్లు బూట్లుగానే ఉంటాయి, అమ్మ కూడా అదే అంది.

నిన్న మళ్లీ ఇద్దరం సినిమా పెట్టుకున్నాం. ఆగి ఆగి చూశాం కాబట్టి మూడు గంటలు పట్టింది. సెటిల్‌మెంట్ అల్లుడికి కాదు, కూతురి పేరనే ఉండేదని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే వాళ్లకి బుర్ర ఉంది" అంది. తర్వాత మ్యాగీ, విల్ సొంత కొట్టు పెట్టుకోవడానికి హెప్‌వర్త్ వంద పౌండ్లు అప్పు ఇచ్చిన చోట ఆపమంది. "వడ్డీ ఎంత?" నూటికి ఇరవై అన్నాను. "ధర్మవడ్డీ కాదు, అయినా ఇచ్చింది చూడు" అంది. మా నాన్న పోయాక అమ్మ ఆరేళ్లు మా పచ్చళ్ల కొట్టు ఒక్కతే నడిపింది లెండి. వడ్డీ లెక్క ఆవిడకి సబ్‌టైటిల్స్ లేకుండానే తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మ్యాగీని క్షమించట్లేదు. ఏడా సంగతి. "ఆ పిల్ల ఏం పాపం చేసింది? మాట ఇచ్చినవాణ్ణి ఎత్తుకుపోతే అది గడుసుతనమా?" నేనేదో సర్దిచెప్పబోయాను, సినిమాలో ఏడాని గయ్యాళిలా చూపించారు కదా అని. "అలా చూపిస్తేనే కదా మనం నవ్వేది" అంది. నాకు నోట మాట రాలేదు. మా నాటికలో ఏడాకి ఒక్క మంచి డైలాగైనా రాయాలని ఉంది. అనుమతి ఇచ్చేవాళ్లు కొత్త డైలాగుకి ఒప్పుకుంటారా, ప్లీడరు గారూ?

మ్యాగీ పెళ్లినాటి ఇత్తడి ఉంగరం దగ్గర మాత్రం అమ్మ ఏమీ అనలేదు. చివర విల్ బంగారు ఉంగరం కొంటానంటే మ్యాగీ ఇత్తడిదే ఉంచుకుంటానంటుంది కదా, అక్కడ లేచి పాలు కాచడానికి వెళ్లింది.

తాతయ్య గారూ, కౌంటర్ బల్ల దొరికింది, స్కూలు క్యాంటీన్‌ది, చక్రాలున్నాయి. విల్ వేషానికి మా ఆయన్ని అడిగాను. నలభై నిమిషాలు బల్ల కింద కూర్చోమంటే నా వల్ల కాదన్నారు, హాబ్సన్ వేస్తారట. తాగినట్టు నటించడం తేలికనుకుంటున్నారు. మీ చంద్రుడి మాటలు చదివి వినిపించాను. అప్పట్నుంచీ హాల్లో చప్పుడు లేకుండా నడుస్తూ ప్రాక్టీసు చేస్తున్నారు. విల్ కోసం ఇంకా వెతుకుతున్నాం. సాల్ఫర్డ్ చుట్టుపక్కల మోకాళ్లు గట్టిగా ఉన్న తెలుగు కుర్రాళ్లెవరైనా ఉంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి. శనివారాలు రిహార్సల్, అన్నం మాది.