"డేటా చూసి క్యాంపెయిన్‌లో ఏం మార్చావు" అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?

బెజవాడ_బ్యాచ్:
అందరికీ నమస్తే. ఎంబీఏ అయ్యాక ఒక కోచింగ్ సెంటర్‌కి ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ నేనే చూసుకున్నాను. వచ్చే వారం హైదరాబాద్‌లో, ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. డేటా గురించి అడగకుండా వదలరట. నేను రాసుకున్న జవాబులో జీఏ4 (సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఏం కొన్నారో చూపే గూగుల్ టూల్), యూటీఎం (ఏ యాడ్ నుంచి వచ్చారో తెలియడానికి లింక్‌కి తగిలించే గుర్తు), సీటీఆర్ (యాడ్ కనిపించినన్నిసార్లలో నొక్కిన శాతం), ఏ/బీ టెస్టింగ్ (రెండు రకాలు నడిపి పోల్చడం) అన్నీ ఉన్నాయి కానీ చదువుతుంటే పాఠం అప్పజెప్పినట్టుంది. పైగా నేను చూసిన బడ్జెట్ చాలా చిన్నది, చెబితే తీసిపారేస్తారేమోనని టెన్షన్.

గోదారి_గట్టు:
బడ్జెట్ గురించి బెంగ వద్దు బ్రో. నేను ఇంటర్వ్యూలు తీసుకుంటాను, టూల్స్ పేర్లు ఎలాగూ రెజ్యూమేలో కనిపిస్తాయి, నాకు కావాల్సింది అంకె చూశాక నువ్వు ఏ నిర్ణయం మార్చావన్నదే. నీ కోచింగ్ సెంటర్‌లోనే మంచి కథ ఉంటుంది. ఒక యాడ్‌లో లీడ్ (అంటే ఆసక్తితో పేరూ నంబరూ ఇచ్చిన మనిషి) 40 రూపాయలకే వస్తోంది, ఇంకోదాంట్లో 90 పడుతోంది అనుకో. అందరూ మొదటిదానికే డబ్బు పెంచుతారు. కానీ మొదటిదాంట్లో 100 లీడ్స్‌కి 2 అడ్మిషన్లు, రెండోదాంట్లో 9 వచ్చాయనుకో, అడ్మిషన్‌కి 2,000 ఒకచోట, 1,000 ఇంకోచోట! ఎందుకలా అంటే, మొదటిది ఫేస్‌బుక్‌లోనే ఫారం తెరుచుకునే యాడ్ అనుకో, ఆ ఫారంలో పేరూ నంబరూ ముందే నింపి ఉంటాయి, జనం ఊరికే నొక్కేస్తారు, ఫోన్ చేస్తే "నేనెప్పుడు అడిగానండీ" అంటారు. ఈ కారణం కూడా చెప్పగలిగితే పని చేసినవాడివని మాకు వెంటనే తెలిసిపోతుంది. అయితే నీ సొంత అంకెలే చెప్పు, రెండు ఎదురు ప్రశ్నలు వేస్తే కల్పించినవి నిలబడవు.

కూకట్‌పల్లి_కబుర్లు:
బట్టల కంపెనీ అంటున్నారు కాబట్టి క్యాష్ ఆన్ డెలివరీ రిటర్న్‌ల గురించి తప్పకుండా చదువుకుని వెళ్లండి. లక్ష ఖర్చు పెడితే 4 లక్షల ఆర్డర్లు, అంటే ఆర్‌వోఏఎస్ (యాడ్‌కి పెట్టిన ఒక్కో రూపాయికి వచ్చిన అమ్మకాలు) 4, చూడ్డానికి బ్రహ్మాండం. అందులో పావు వంతు సరుకు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తే మిగిలేది 3 లక్షలు, మార్జిన్ 30 శాతమైతే చేతికొచ్చేది 90 వేలు. యాడ్ ఖర్చు కూడా రాలేదు, కొరియర్ ఛార్జీలు అదనం. "ఏ పిన్‌కోడ్ల నుంచి సరుకు ఎక్కువ తిరిగొస్తోందో చూసి అక్కడ యాడ్స్ తగ్గిస్తాను, లేదా ముందే డబ్బు కట్టేవాళ్లకు తగ్గింపు పెట్టి చూస్తాను" అనండి.

బెజవాడ_బ్యాచ్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఫేస్‌బుక్‌లో చూపించే అమ్మకాలకీ జీఏ4లో ఉన్నవాటికీ తేడా ఎందుకు అనడిగితే? ఇంకోటి, నేను పోల్చిన రెండు యాడ్స్‌కి వచ్చినవి 5, 7 అడ్మిషన్లే, ఏది గెలిచిందని చెప్పాలి?

గోదారి_గట్టు:
తేడా సహజమే. ఫేస్‌బుక్ మామూలు సెట్టింగ్‌లో యాడ్ నొక్కిన 7 రోజుల్లోపు, నొక్కకుండా చూసి వదిలేసినా 1 రోజులోపు కొంటే ఆ అమ్మకాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. ఊరికే చూసిన సంగతి జీఏ4కి తెలియదు. అదీకాక 2021లో ఐఫోన్‌లో ట్రాకింగ్‌కి అనుమతి అడగడం తప్పనిసరి చేశాక ఫేస్‌బుక్ కొన్ని అంచనా కట్టి చూపిస్తోంది. అందుకే ఆఖరికి కంపెనీ ఆర్డర్ల లెక్కతో సరిచూస్తానని చెప్పు. ఇక 5, 7 అంటావా, ఏదీ గెలవలేదు. "ఇంత తక్కువలో తేల్చలేను, ఇంకొన్నాళ్లు నడిపేవాణ్ని" అని ధైర్యంగా చెప్పెయ్, ఆ మాటకి నేనైతే మార్కులు వేస్తాను.