విత్తనానికి తిథి చూడాలా, తడి చూస్తే చాలా?

మిద్దెతోట:
మా అత్తయ్య అమావాస్య దాటేదాకా విత్తనం ముట్టనివ్వరు. వేసేముందు కుండీకి పసుపు కుంకుమ పెట్టి దండం పెడతారు. ఈసారి ఆవిడకు తెలియకుండా కాకర గింజలు సగం అమావాస్య నాడే వేశాను, మిగతావి ఆవిడ చెప్పినట్టు విదియ నాడు. అన్నీ రాత్రంతా నానబెట్టినవే. రెండు కుండీల్లోనూ ఎనిమిదో రోజుకి మొలకలు వచ్చాయి. ఆవిడకు చెప్పాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. ఈ తిథులకీ పూజలకీ నిజంగా శక్తి ఉందంటారా?

నల్లరేగడి:
లేదండి. అలాగని రైతులు చూసే కార్తెనీ తిథినీ ఒకే గాటన కట్టకండి. కార్తె సూర్యుడి లెక్క. 27 నక్షత్రాలు, ఒక్కో కార్తె 13, 14 రోజులు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది, తొలకరీ ఆ దగ్గర్లోనే. అందుకే మా నాన్న కార్తె చూసి విత్తేవాడు. తిథి చంద్రుడిది. ఏటా దాదాపు 11 రోజులు జరిగిపోతుంది, అధికమాసం వస్తే గానీ సర్దుకోదు. వానకీ దానికీ లంకె లేదు. చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే కుండీలో తడినీ లాగుతాడంటారు. అంత కొంచెం నీటిలో ఆ లాగుడు కొలవడానికి కూడా అందదు.

ఇంకొకటి. ఎరువు కోసం ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టడం మన ఋషులు చెప్పిందని తిప్పుతున్నారు. అది 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా తత్వవేత్త అప్పటి జర్మనీలో రైతులకు చేసిన ప్రసంగాల్లోంచి వచ్చింది.

పాలిక:
కార్తె సంగతి ఒప్పుకుంటాను. కానీ పూజ అంటే దిగుబడి పెంచే మందు అన్నట్టు మాట్లాడుతున్నారు, అక్కడ ఒప్పుకోను. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు రోజు అంకురార్పణ చేస్తారు. స్వామివారి సేనాధిపతి విష్వక్సేనుల వారిని ఊరేగించి మట్టి తెచ్చి, పాలికలనే మట్టి పాత్రల్లో నింపి నవధాన్యాలు చల్లుతారు. అదీ రాత్రి పూటే, ఓషధులకు చంద్రుడు అధిపతి కనుక. అంత పెద్ద ఉత్సవం పిడికెడు గింజలతో మొదలవుతుంది! లంబాడీ తండాల్లో తీజ్ చూడండి. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. దిగుబడి కోసం కాదు, ఆ గోధుమల్ని ఎవరూ కోసుకోరు.

మా ఇంటి పెళ్ళిలో పాలికలు చూసుకునే పని నాకే పడింది. పెసలు రెండో రోజుకే పగిలాయి, వడ్లు నాలుగో రోజు దాకా కదల్లేదు. రోజుకు మూడుసార్లు వెళ్ళి కూర్చునేదాన్ని. మొలక మట్టిని ఎత్తుకుని పైకి రావడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దాన్ని భక్తి అనకుండా ఇంకేమనాలో నాకు తెలియదు.

నల్లరేగడి:
మా అక్క పెళ్ళిలో పాలికల్లో మొలకలు కుళ్ళిపోయాయండి. "పిల్ల అదృష్టం ఇంతే" అన్నారు, అక్క వింటుండగానే. ఆ పాలికలకు అడుగున చిల్లు లేదు, వచ్చినవాళ్ళంతా తలా చెంబెడు పోశారు. ఇరవై ఏళ్ళయినా అక్క ఆ మాట మరిచిపోలేదు. గింజలో శకునం వెతికితే ఎవరో ఒకరి మీద పడుతుంది.

పాలిక:
చదివి బాధేసిందండి. మొలక నిటారుగా, పచ్చగా వస్తే శుభం, నల్లబడితే కీడు అని మా పెద్దవాళ్ళూ అనేవారు. నేనెప్పుడూ ఎదురడగలేదు. అడగాల్సింది. గింజకు దండం పెట్టడం మానను, శకునం చూడటం మాత్రం ఇకమీదట మా ఇంట్లో జరగనివ్వను.

నల్లరేగడి:
దండం మీద నాకు తగువు లేదు.

మిద్దెతోట:
నిన్న సాయంత్రం అత్తయ్యకు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమావాస్య కుండీ ఏదో చూపించమన్నారు. చూపిస్తే లోపలికెళ్ళి పసుపు తెచ్చి దానికీ పెట్టారు. పొద్దున ఇద్దరం కలిసి రెండింటికీ పందిరి కట్టాం.