అప్‌డేట్: సికిల్ సెల్ ఉన్న మా బాబు గురించి

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. బాబుకి సికిల్ సెల్ (తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తజబ్బు) అని తేలాక ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మా ఆయన, నేను ఇద్దరం రక్తపరీక్ష చేయించుకున్నాం. ఇద్దరిలోనూ ఆ జబ్బు జన్యువు ఒక్కోటి ఉంది. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతమని బరంపురంలో డాక్టరుగారు అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పారు. దెప్పుళ్లు ఆగాయి. ఇప్పుడు బాబుకి ఈ జబ్బు మందు, హైడ్రాక్సీయూరియా బిళ్ల వేశావా అని అడిగేదీ, బడికి నీళ్ల సీసా నింపేదీ, చలిలో మేజోళ్లు తొడిగేదీ ఆవిడే. ఒంట్లో నీళ్లు తక్కువైనా, చలి తగిలినా బాబుకి వచ్చే నొప్పులు బాగా తగ్గాయి. మామయ్య మాత్రం ఇంకా దిష్టే అంటున్నారు. తాయెత్తు కట్టనిచ్చాను, మందు మాత్రం ఆపనివ్వను. పెద్దపాపకి కూడా ఈ రక్తపరీక్ష వచ్చే వారం. టెన్షన్‌గానే ఉంది.