కొవ్వు కరుగుతుందా, కాలుతుందా?

బందరు కుర్రాడు:
జిమ్‌లో కోచ్ రోజూ "ఫ్యాట్ బర్న్" అంటాడు. ఇంటికొస్తే అమ్మ "పొట్ట కాస్త కరిగిందిరా" అంటుంది. మంచు కరిగి నీరైనా పదార్థం అదే, కాబట్టి భౌతిక మార్పు. కాగితం కాలితే మళ్లీ కాగితం రాదు, అది రసాయన మార్పు. బళ్లో ఇలాగే చెప్పారు. మరి కొవ్వు విషయంలో మన తెలుగు మాట తప్పేనా?

కెమిస్ట్రీ మాస్టారు:
సైన్సు లెక్కన కోచ్‌దే పైచేయి బాబూ. పోయిన కొవ్వు ఎక్కడికి పోయిందని అడిగితే చాలామంది చెమటలో అంటారు. ఎక్కువ భాగం పోయేది ఊపిరిలో. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చవ్వాలంటే సుమారు 29 కిలోల ఆక్సిజన్ కావాలి. చివరికి 28 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), 11 కిలోల నీరు మిగులుతాయి. కట్టె కాలినా వచ్చేవి ముఖ్యంగా ఇవే.

1780ల్లో పారిస్‌లో లెవోయిజర్, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గినీ పందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు నీరైందో తూచారు. ఆ గినీ పంది వదిలినంత బొగ్గుపులుసు వాయువే వచ్చేలా బొగ్గును కాల్చి, ఆ వేడితో పోల్చి చూశారు. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. అక్కడ కరిగింది మంచు, కాలింది తిండి!

వరంగల్ అక్క:
మాస్టారూ, ఇంత చెప్పి మన "కొవ్వొత్తి"ని మరిచిపోయారు. కొవ్వు, వత్తి కలిసిన మాట అది. ఇప్పుడు పారఫిన్ మైనంతో చేస్తున్నారు గానీ ఒకప్పుడు పశువుల కొవ్వుతోనూ చేసేవారు. అది వెలిగితే ముందు కరుగుతుంది, ఆ ద్రవం వత్తిలోకి ఎక్కి, ఆవిరై, అప్పుడు కాలుతుంది. ఊపిరి తీయడమంటే దీపమో కొవ్వొత్తో వెలగడంలాంటి నిదానమైన దహనమేనని తర్వాత ఆ లెవోయిజరే అన్నాడు.

పైగా కరగడమంటే మంచు ఒక్కటేనా? "తాత సంపాదించిన ఎకరాలన్నీ కరిగిపోయాయి" అంటాం. దాచుకున్నది కొంచెం కొంచెంగా ఖర్చైపోవడం. ఒంట్లో కొవ్వు అంటే దాచుకున్న ఆస్తే కదా. "కండలు కరిగించి కష్టపడ్డాడు" అన్నదీ ఇలాంటిదే. తిండి లేక మాడితే కండలోని ప్రొటీన్లు కూడా విడిపోయి ఇంధనమవుతాయి. అందుకే నా ఓటు అమ్మకే.

బందరు కుర్రాడు:
ఆస్తి పోలిక బాగుంది అక్కా. కానీ ఒక టెన్షన్ మిగిలింది. కాలాలంటే నిప్పు కావాలి కదా, ఒంట్లో ఉన్నది 37 డిగ్రీలేనాయె.

కెమిస్ట్రీ మాస్టారు:
ఎంజైములు ఉన్నది అందుకే. చర్య మొదలవ్వడానికి దాటాల్సిన గట్టును అవి తగ్గిస్తాయి, దాంతో అంత వేడి అక్కర్లేదు. పైగా ఒక్కసారిగా భగ్గుమనకుండా పని మెట్టు మెట్టుగా సాగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర వచ్చిన శక్తిలో కొంత వేడిగా పోతుంది, కొంత ఏటీపీ అనే అణువులో చేరుతుంది. అక్క ఆస్తి లెక్కలోనే చెప్పాలంటే ఎకరం అమ్మి చిల్లర చేసుకోవడమే. కండ కదలాలన్నా, నరం పనిచేయాలన్నా కణంలో చెల్లేది ఆ చిల్లరే.

ఈ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా కనిపెట్టారు. ఈ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావు గారే, పుట్టింది భీమవరంలో. తెలుగు గ్రూపులో ఈ ముక్క చెప్పకుండా ఎలా ఊరుకుంటాను?

వరంగల్ అక్క:
నాదింకో పేచీ మాస్టారూ. ఇదంతా జఠరాగ్ని పని అని మా పెద్దలు అంటారు. మంట పొట్టలోనే అన్నట్టు.

కెమిస్ట్రీ మాస్టారు:
పొట్టలో, పేగుల్లో జరిగేది అరగడమేనమ్మా. చెప్పు అరిగినట్టు పెద్ద అణువులు చిన్నవవుతాయి. నీటి సాయంతో పిండిపదార్థం గ్లూకోజుగా విడిపోతుంది. అక్కడ ఆక్సిజన్‌తో పనిలేదు, మంటా లేదు. అసలు మంట కణాల్లో, ముఖ్యంగా వాటి లోపల ఉండే మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో. అగ్ని మాటతో నాకు గొడవ లేదు, జఠరం దగ్గరే అడ్రసు మారింది.

బందరు కుర్రాడు:
కొవ్వు ఊపిరిలో పోతుందని అమ్మకి చెప్పాను. "అలాగైతే నువ్వు పెట్టే గురకకి ఈపాటికి పుల్లలా అవ్వాలిరా" అంది.